పలుకని అక్షరములు: పరాసు క్రియాపదముల కథ



మన పాతముద్రణ గ్రంథములలో వాఁడు, మూఁడు మొదలగు మాటలయందు అరసున్న యుండును. మన తాతల తరమువారు బడిలో దానిని తప్పక పెట్టవలసినవారే. దానిని నోట పలికినవారు మాత్రము ఆనాటికే లేరు. ఏనాడో మన పూర్వులు ఆ అచ్చును ముక్కుతో పలికినందుకు అది గుర్తు. మూడును తమిళులు మూన్ఱు అందురు. ఆ మాటలోని నకారము మనకు అరసున్నయై మిగిలినది. నోరు విడిచినదానిని చేయి చాలకాలము విడువలేదు. తుదకు పాఠ్యపుస్తకములును, పత్రికలును దానిని మెల్లగా విడిచినవి. అందువలన ఎవరికి ఏమి దక్కినది, ఎవరికి ఏమి పోయినది అని మనము తీరికగా ఆలోచించినది తక్కువ.

ఇట్టి పలుకని అక్షరము ఒకటి రెండు మాటలలో గాక, క్రియాపదముల తుదనెల్ల నిండియున్న భాష యొకటి కలదు. అది ఫ్రెంచి భాష. మన పెద్దలు ఆ జాతివారిని పరాసులని పిలిచిరి. గౌతమీతీరమందలి యానాము 1954వ సంవత్సరము వరకు వారి పాలనలో నుండెను. తెలుగు ఇండ్లలో పుట్టిన పిల్లలు అచ్చటి బడిలో ఆ భాషను నేర్చిరి. కావున ఇది మనకు కేవలము పరాయి ముచ్చట కాదు. ఆ భాషలో క్రియాపదము ఎట్లు పలుకబడును, ఎచ్చట విరుగును, పలుకని అక్షరములు అందులో ఏల నిలిచినవి, అవి నిలిచినందున లాభమెవరికి, భారమెవరికి అను సంగతులను నేటి ప్రసంగమున మనవి చేసెదను.

మొదట ఒక ఉదాహరణము. పాడుట అను అర్థముగల ఫ్రెంచి క్రియను ‘షాఁతే’ అందురు. ముక్కుతో పలుకు అచ్చులను ఇచ్చట అరసున్నతోనే చూపుచున్నాను. మనము విడిచిన గుర్తు ఈ పనికి చక్కగా అక్కరకు వచ్చినది. నేను పాడుదును, నీవు పాడుదువు, వాడు పాడును, మేము పాడుదుము, మీరు పాడుదురు, వారు పాడుదురు అని మనకువలెనే వారికిని ఆరు రూపములు కలవు. కాగితముపై నేను, వాడు అనువానికి తుద ఎకారము. నీవు అనుదానికి ఎకారముపై సకారము. వారు అనుదానికి ఎకార నకార తకారములు మూడు వ్రాయుదురు. వ్రాసినది వ్రాసినట్లు మనము కూడబలికినచో షాంతె, షాంతెస్, షాంతె, షాంతెంత్ అగును. ఫ్రెంచివాడు ఈ నాలుగింటిని ఒక్కతీరున ‘షాఁత్’ అని ముగించును. మేము అన్నప్పుడు ‘షాఁతోఁ’, మీరు అన్నప్పుడు ‘షాఁతే’ మాత్రము వేరుగ వినబడును. అనగా కంటికి ఐదు రూపములు, చెవికి మూడే. ఇంతేకాదు. పాడుట, పాడబడిన, మీరు పాడుదురు అను మూడు వేర్వేరు రూపములు మూడు విధముల వ్రాయబడియు, నోట ఒక్క ‘షాఁతే’ యే అగును.

ఈ చిక్కునకు మూలము లాటిను భాషలో నున్నది. క్రీస్తునకు పూర్వము 1వ శతాబ్దమున రోమనులు గాల్ అను ఆ దేశమును జయించిరి. వారి వాడుక లాటినే క్రమముగా మారి ఫ్రెంచి అయినది. లాటినులో ఇదే క్రియకు కాంతో, కాంతాస్, కాంతత్, కాంతాముస్, కాంతాతిస్, కాంతంత్ అను ఆరు రూపములును చెవికి స్పష్టముగా వేరు. కావుననే నేను, నీవు అను సర్వనామము వారికి అక్కరలేదు. మనమును వచ్చితిని అన్నచో నేను అని, వచ్చితివి అన్నచో నీవు అని వేరుగ చెప్పనక్కరలేదు గదా! క్రియ తుదనే కర్త యుండును.

ఆ తుదిభాగము ఎట్లు అణగినది? దీనికి మన ఛందస్సు తెలిసినవారికి సులువుగా బోధపడు కారణమొకటి కలదు. ఒక్క ఊపున నోట వెలువడు భాగమును ఇచ్చట ఖండమందును. పద్యములో గురువో లఘువో అయి లెక్కకు వచ్చునది అదే. లాటినులోను గురులఘువులు కలవు. దీర్ఘముగల ఖండము గురువు; రెండు హల్లుల ముందరి ఖండమును సాధారణముగా గురువే. మాటలోని ఊనిక ఎచ్చట పడవలెనో ఈ గురులఘువులే నిర్ణయించును. తుదినుండి రెండవ ఖండము గురువైనచో ఊనిక దానిపై పడును. లఘువైనచో దాని ముందరి ఖండముపై పడును. రెండే ఖండముల మాటయైనచో మొదటిదానిపై పడును. కాలక్రమమున గాల్ దేశపు జనులు ఊనికపడిన ఖండమును గట్టిగా పట్టుకొని, తక్కినవానిని జారవిడిచిరి. ఊనికకు తరువాతనున్న అచ్చులు చాలవరకు నశించెను. అకారమొక్కటి మాత్రము బలహీనమైన ఎకారముగా మిగిలెను. కాంతత్ అను మాట మొదట తుదితకారముతోను, పిమ్మట ఎకారముతోను, తుదకు అదియును లేక ‘షాఁత్’ అయినది ఇట్లే.

మాటలాడుట అను క్రియ ఇంకను వింతయైనది. దీని మూలము పరబొలారె అను లాటిను రూపము. నేను అన్నప్పుడు పరబొలో. ఇందు తుదినుండి రెండవ ఖండమైన ‘బొ’ లఘువు. కావున ఊనిక దాని ముందరి ‘ర’ మీద పడెను. ఆ ‘ర’ నిలిచి, ‘బొ’ దానిలో కలసి, పాత ఫ్రెంచిలో ‘పరోల్’ అయినది. మేము అన్నప్పుడు పరబొలాముస్. ఇందు ‘లా’ గురువు. ఊనిక దానికి పోయినందున నడుమనున్న ఖండములు నలిగి ‘పార్ల్’ అని మిగిలెను. అందుచేత పాత ఫ్రెంచిలో నేను పరోల్, మేము పార్లోఁ అని ఒకే క్రియకు రెండు దేహములు ఏర్పడెను. పిమ్మట జనులు మేము, మీరు అనువాని రూపమునే అన్నిటికిని ఒప్పించి, నేను ‘పార్ల్’ అనిరి. పరోల్ అను రూపము క్రియగా మరుగుపడి, మాట అను అర్థమున నామవాచకముగా నేటికిని బ్రతికియున్నది.

ప్రేమించుట అను క్రియయందు దీనికి మారుగా జరిగినది. వాడు అన్నప్పుడు ‘ఎమ్’, మేము అన్నప్పుడు ‘అమోఁ’ అని పూర్వము రెండు తీరులుండగా, ఈసారి మొదటితీరు గెలిచి మేము ‘ఎమోఁ’ అయినది. ప్రియుడు అను అర్థముగల ‘అమాఁ’ అను మాటలో మాత్రము ఓడిన అకారము దాగియున్నది. మిక్కిలి వాడుకలోనున్న కొన్ని క్రియలు ఈ సర్దుబాటునకు లొంగలేదు. వచ్చుట అను క్రియకు నేను ‘వ్యేఁ’, మేము ‘వెనోఁ’. ఋణపడుట అను క్రియకు నేను ‘ద్వా’, మేము ‘దెవోఁ’. పాఠశాలలో వీనిని అపక్రమ క్రియలని బెదరింతురు. చరిత్ర నడిగినచో అందులో అపక్రమ మేమియు లేదు. రెండువేల యేండ్లనాటి గురులఘువుల ముద్ర అది.

భవిష్యత్కాలము కథ వేరు. లాటినులో పాడుదును అనుటకు ఉండిన పాతరూపము పోయి, పాడుట నాకు కలదు అనునట్టి రెండు మాటల జంట వచ్చెను. ఆ రెండును అతుకుకొని ఒక్కటై ‘షాఁత్‌రే’ అయినది. తుదనున్న ‘రే’ లోని రకారము పాడుట అను మాటలోనిది. దాని పిమ్మటి అచ్చు కలదు అను క్రియ యొక్క అవశేషము. 842వ సంవత్సరమున షార్లమేన్ చక్రవర్తి మనుమలు ఇద్దరు స్త్రాస్‌బూర్ నగరమున సైన్యముల ఎదుట ప్రమాణము చేసికొనిరి. ఆ ప్రమాణమే ఫ్రెంచికి పూర్వరూపమైన భాషలో దొరకిన తొలివ్రాత. కాపాడుదును అను అర్థమున అందున్న ‘సల్వరాయి’ అను క్రియాపదము ఈ అతుకునకు అప్పటికే సాక్ష్యము.

12వ శతాబ్దమున క్రియ తుదనున్న హల్లులు ఇంకను వినబడుచునే యుండెను. తరువాతి శతాబ్దములలో అవి ఒక్కొక్కటిగా నోటినుండి జారెను. వ్రాయువారు మాత్రము వానిని వదలలేదు. కవులు సహితము విడువలేదు. ఫ్రెంచి పద్యమున మనకువలె గురులఘువుల గణములు లేవు. ఖండముల సంఖ్యయే ప్రమాణము. వారి ప్రసిద్ధ ఛందస్సున పాదమునకు పండ్రెండు ఖండములు, ఆరింటికి ఒక విరామము. పాదము నడుమ వాడు పాడును అను రూపము తుదియెకారము, వెనుక అచ్చు వచ్చినచో లోపించును. మన ఉత్వసంధిలో పూర్వస్వరము లోపించునట్లే. వారు పాడుదురు అను రూపమున అట్లు కాదు. నకార తకారములు అడ్డుగానున్నందున ఎకారము లోపింపక ఒక ఖండముగా లెక్కకు వచ్చును. తకారము వెనుకటి అచ్చుతో కూడి వినబడును. వారు పాడుచుండిరి అను రూపమున మాత్రము తుది ఎ, న, త అనునవి లెక్కకు రావు. కావున పద్యము వ్రాయువానికి ఈ పలుకని అక్షరములు ఆభరణములు కావు, లెక్కలోని కాసులు.

నేటి వాడుకలో ఖండవిభాగ మెట్లుండును? రెండు అచ్చుల నడుమ ఒక్క హల్లున్నచో అది వెనుకటి అచ్చును చేరును: ఎ-మోఁ. రెండు హల్లులున్నచో సాధారణముగా చెరియొకటి: పార్-లోఁ. అచ్చుకూర్పువారు పంక్తి చివర మాటను విరుచునప్పుడు జంట హల్లులను చీల్చుదురు. నోరు అట్లు చేయదు. మీరు పెట్టుదురు అను మాటను మెత్-తే అని అచ్చులో విరుచుటయే గాని, పలుకునది మె-తే అనియే. తుదియెకారము పోయినప్పుడు ఖండములు తగ్గును. ప్రేమింతును అను భవిష్యద్రూపము ఎమ్-రే అని రెండే ఖండములు. మాటలాడుదును అనునది పార్-ల-రే అని మూడు. ఏలయన అచ్చట ఎకారము పోయినచో ర, ల, ర అను మూడు హల్లులు ఒకచోట గుమిగూడును. ఈ నియమమును మోరీస్ గ్రామోఁ అను పండితుడు వివరించి ప్రసిద్ధి చేసెను. ఆయన ఉచ్చారణగ్రంథము 1914లో వెలువడెను. ఇది పారిసు నగరపు తీరు. దక్షిణ ఫ్రాన్సున నేటికిని తుదియెకారము కొంత వినబడుచుండును.

మాటకు మాటకు నడుమ వారు గోడ కట్టరు. మన సంధివలెనే హల్లు వెనుకటి అచ్చును చేరును. ఆమె వచ్చును అను వాక్యము ఎ-లా-రీవ్ అని వినబడును. వారు, స్త్రీలు, వత్తురు అనునది ఎల్-జా-రీవ్. బహువచనమును తెలుపునది క్రియ తుదనున్న మూడు అక్షరములు కావు. సర్వనామపు సకారము జకారమువలె మారి క్రియ మొదట అతుకుకొనుటయే. క్రియ హల్లుతో మొదలైనచో ఆ ఆధారమును పోవును. వాడు మాటలాడును, వారు మాటలాడుదురు అను రెండు వాక్యములును ‘ఇల్ పార్ల్’ అని ఒక్కతీరుననే వినబడును. ఒక్కడో పదుగురో సందర్భమును బట్టి తెలిసికొనవలసినదే.

ఇప్పుడు నాకు మిక్కిలి ముచ్చటగా తోచిన సంగతి చెప్పెదను. ప్రశ్న యడుగునప్పుడు వారు క్రియను ముందు, సర్వనామమును వెనుక ఉంతురు. వారు మాటలాడుదురా అనుటకు ‘పార్ల్-తీల్’ అందురు. నిద్రించిన తకారము ఇచ్చట మేల్కొనినది. అది లాటిను నాటి తకారమే. వాడు మాటలాడునా అనుటకును ‘పార్ల్-తీల్’ అనియే యందురు. ఇచ్చటి తకారము వేరు. లాటినులో ఏకవచనమునకును తకారముండెను గాని అది ఎన్నడో నశించినది. ఇతర క్రియల తకారమును చూచి జనులు నడుమ క్రొత్తగా తెచ్చిపెట్టుకొనినది ఇది. పల్లె, ఊరు అను మాటలు కలిసి పల్లెటూరు అగునప్పుడు మన వైయాకరణులు టుగాగమ మనుదురు గదా, అట్టి ఆగమము. 16వ శతాబ్దమున ఈ తకారము వ్రాతలో లేకయే నోట ఆడుచుండెను. 1647లో వోజ్‌లా అను భాషావేత్త దానిని పలుకుటయేగాక వ్రాయవలెనని కూడ చెప్పెను. పలుకని తకారమును వ్రాసినవారే, పలికిన తకారమును చాలకాలము వ్రాయలేదు!

వ్రాతను నోటికి సరిపుచ్చవలెనని తలచినవారు లేకపోలేదు. 1539లో ఫ్రాంస్వా రాజు విల్లేర్-కోత్రే శాసనమున న్యాయస్థానపు పత్రములు లాటినులో గాక ఫ్రెంచిలో నుండవలెనని విధించెను. వ్రాత పెరిగెను, వ్రాతలోని చిక్కులును బయటపడెను. 1550లో లూయీ మెగ్రే అను నాతడు ఫ్రెంచి భాషకు ఫ్రెంచిలోనే తొలి వ్యాకరణము రచించి, పలికినట్లే వ్రాయవలెనని వాదించి, తన గ్రంథమును అట్లే అచ్చువేయించెను. అదే సంవత్సరమున పెల్‌తియే అను కవి తన మార్గమును వేరుగ చూపెను. 1562లో రామస్ అను తత్త్వవేత్త మరియొక లిపిక్రమముతో వ్యాకరణము వెలువరించెను. సంస్కరింపదలచినవారికే ఒకరితో నొకరికి పొత్తు కుదరలేదు. ఒకరి ఉచ్చారణ మరియొకరికి పల్లెమాటగా తోచెను. అచ్చుకూటములవారు పాతవ్రాతనే నమ్మిరి.

1635లో రిషెల్యూ మంత్రి ఫ్రెంచి అకాడమీని స్థాపించెను. నిఘంటువును కూర్చుచు, 1673లో ఆ సభవారు వ్రాతనుగూర్చి తమ సిద్ధాంతమును తెలిపిరి. పండితులను పామరులనుండియు, చదువురాని స్త్రీలనుండియు వేరుచేయు పాతవ్రాతయే తమకు సమ్మతమని దాని తాత్పర్యము. ఈ మాటను మనము గుర్తుంచుకొనవలెను. పలుకని అక్షరము పూర్వుల గుర్తుగా మొదలై, ఇచ్చట కంచెగా మారినది. లోపలివారెవరో, వెలుపలివారెవరో తేల్చుటకు అది పనికివచ్చెను.

అయినను కంచె కదలకపోలేదు. 1694లో తొలి నిఘంటువు వచ్చెను. 1740లో వెలువడిన మూడవ కూర్పున దోలివే అను పూజారిపండితుడు వేలకొలది మాటల వ్రాతను మార్చెను. పలుకని సకారములు పెక్కు పోయి, వానికి బదులు అచ్చుపై చిన్న టోపీవంటి గుర్తు వచ్చెను. ఉండుట అను క్రియ నేటికిని ఆ టోపీని ధరించియే యున్నది. భూతకాలపు రూపముల కథ ఇంకను దీర్ఘము. వాడు కలిగియుండెను అను మాటను వారు పూర్వము ‘ఒ, ఇ’ అను అచ్చులతో వ్రాయుచు, నోట ‘అవె’ అని పలుకుచుండిరి. వొల్తేర్ మహాశయుడు దానిని ‘అ, ఇ’ అని వ్రాయవలెనని 18వ శతాబ్దమున పట్టుబట్టెను. అకాడమీవారు 1835వ సంవత్సరపు ఆరవ కూర్పున గాని దానిని అంగీకరింపలేదు. వొల్తేర్ అప్పటికి మరణించి అర్ధశతాబ్దము దాటినది. నోరు ముందు నడచినది. చేయి వందయేండ్లకు పైగా వెనుకబడి నడచినది.

ఇంతవరకు ఇది పండితుల తగవు. 1881, 1882 సంవత్సరములలో జూల్ ఫెర్రీ మంత్రి ప్రాథమికవిద్యను ఉచితముగను, నిర్బంధముగను చేసిన పిమ్మట ఇది రైతుబిడ్డల బాధ అయినది. ఆ దేశపు పల్లెలలో పెక్కుచోట్ల ఇంట పలుకునది పారిసు ఫ్రెంచి కాదు. బ్రెతోను, ఒక్సితాను మొదలగు భాషలు. ఆ బిడ్డ బడికి వచ్చి, చెవికి వినబడని మూడక్షరములను క్రియ తుద వ్రాయవలెను. ఉపాధ్యాయుడు చదువగా విని వ్రాయు పరీక్షకు దిక్తే అని పేరు. ప్రాథమికవిద్య ముగిసినప్పటి పరీక్షలో ఐదు తప్పులు దొరలినచో మార్కు సున్న. పట్టణమున పుస్తకముల నడుమ పెరిగినవాడు కంటితో ఆ అక్షరములను ముందే ఎరిగియుండును. పల్లెవాడు చెవిని నమ్ముకొని వచ్చును. అతనిని మోసగించునది ఆ చెవియే. 1901లో విద్యామంత్రి కొన్ని వికల్పములను పరీక్షలలో తప్పుగా ఎంచరాదని ఉత్తరువు చేసెను గాని, బడిపంతుళ్ల ఎఱ్ఱసిరా దానిని పెద్దగా పాటింపలేదు.

ఇది విని, ఆ అక్షరములనెల్ల తుడిచివేసినచో పీడ విరగడ యగునని తొందరపడరాదు. వానికి చేయు పని కొంత కలదు. వాడు ముగించును అనునది ‘ఫీని’, వారు ముగింతురు అనునది ‘ఫీనీస్’. వాడు పెట్టును ‘మె’, వారు పెట్టుదురు ‘మెత్’. ఇట్టి క్రియలలో బహువచనము తుదిహల్లుగా చెవికి వినబడును. పూర్వము ఆ హల్లు వెనుక ఎకార ముండుటచేతనే అది నశింపక నిలిచినది. వ్రాతలోని ఎ, న, త తాము పలుకకపోయినను, ముందరి హల్లును పలుకుమని చెప్పుచున్నవి. మరియొక సంగతి. మఠము అను నామవాచకమును, కోళ్లు పొదుగును అను క్రియాపదమును ఫ్రెంచిలో అక్షరమైనను తేడా లేక ఒక్కతీరున వ్రాయుదురు. మఠమును ‘కూవాఁ’ అందురు. కోళ్ల పొదుగుటను ‘కూవ్’ అందురు. అది నామమో క్రియయో ఎరిగినవాడే సరిగా చదువగలడు. వ్యాకరణము తెలియక అక్షరములు మాత్రము తెలిసిన యెడల మఠమున కోళ్లు పొదుగవు!

పుస్తకపు పట్టులేనిచోట నోరు ఏమి చేయునో తెలిసికొనుటకు మారిషసు ద్వీపమును చూడవలెను. 1715 మొదలు 1810 వరకు అది ఫ్రెంచివారి పాలనలోనుండెను. ఆఫ్రికానుండియు, మడగాస్కరునుండియు తేబడిన బానిసల నోట ఫ్రెంచి మారి క్రియోలు అను క్రొత్తభాష పుట్టెను. 19వ శతాబ్దమున మన తీరమునుండి కూలికి పోయిన తెలుగువారును దానినే నేర్చిరి. ఆ భాషలో తినుట అను క్రియ ‘మాంజె’. నేను, నీవు, వాడు, మేము, వారు అని కర్త ఎవరైనను దానికి ప్రత్యయభేదము లేదు. పురుషను, వచనమును సర్వనామమే చెప్పును. ఫ్రెంచివాని నోరు వేయేండ్లలో సగము చేసిన పనిని వారు కొలది తరములలో ముగించిరి. 2012 మొదలు ఆ భాషను అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో, పలికినట్లు వ్రాయు పద్ధతిలో, బోధించుచున్నారు. మనవారి సంతతి తాము ఇంట పలుకు మాటను బడిలో చూచుకొను భాగ్యము అట్లు కలిగినది.

ఫ్రాన్సులోను 1990లో ఒక చిన్న సంస్కరణము జరిగెను. డిసెంబరు 6వ తేదీ ప్రభుత్వ పత్రికలో అది ప్రకటింపబడెను. అందులో మన విషయమునకు సరిగా తగినది ఒకటి కలదు. ఇత్తును, విడుతును అను అర్థముగల క్రియ భవిష్యద్రూపము కాగితముపై సే-ద-రే అని మూడు ఖండములు. నడిమి ఎకారము నోట పోగా సెద్-రే అని రెండే ఖండములగును. దకారము మొదటి ఖండమును మూసివేయును. మూసిన ఖండమున ఏకారము వెడల్పుగా పలుకబడును. మనమును పేరు అనునప్పటి ఏకారమును, మేక అనునప్పటి ఏకారమును ఒక్కతీరున పలుకము గదా! ఈ తేడాను తెలుపు గుర్తును అచ్చుపై మార్చి వ్రాయవచ్చునని 1990లో అంగీకరించిరి. పాతవ్రాతయును తప్పు కాదనిరి. రెండును ఒప్పే. ఖండవిభాగమును గమనించి వ్రాతను సవరించిన ఈ పద్ధతి నాకు వివేకముగా తోచుచున్నది. పాతదానిని నేరముగా ఎంచలేదు. క్రొత్తదానిని అపచారముగా ఎంచలేదు.

పెద్దలారా! పలుకని అక్షరము అబద్ధము కాదు. అది మన తాతలు పలికిన పలుకునకు సాక్షి. సాక్షిని గౌరవింపవలసినదే. వాఁడు లోని అరసున్న ఎట్లు వచ్చినదో, వచ్చినాడు అనునది నోట వచ్చాడు ఎట్లయినదో తెలిసికొనుట విద్య. అట్టి విద్యను పెద్దలు కాపాడవలెను. సాక్షిని తీసికొనిపోయి వాకిట కావలి నిలిపి, చెవిని నమ్ముకొని వచ్చిన బిడ్డను లోనికి రానీయకుండుట విద్య కాదు. ఫ్రెంచి అకాడమీవారు 1673లో చేసినది అదే. దాని భారమును మోసినది రెండువందల యేండ్ల తరువాత పుట్టిన పల్లెబిడ్డలు.

మీ ఊరి బడిలో బిడ్డ ఒకడు మాటను తాను వినినట్లు వ్రాసి దండన పొందినప్పుడు, ఆ తప్పు చెవిదా, చేతిదా, లేక ఏనాటిదో అయిన వ్రాతదా అని ఒక్కసారి విచారింపుడు. చెవి సరిగా వినినదైనచో ముందు ఆ చెవిని మెచ్చుకొనుడు. పిమ్మట వ్రాతలోని పాతకథను చెప్పుడు. కథ తెలిసిన బిడ్డ ఆ అక్షరమును మరువడు. ఇంతటితో ముగింతును.